ముందు సెల్లార్‌లోకి వెళ్లి ఆవిడ బండి చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మీ టీమ్ లీడ్ మేడమ్ ఉద్యోగం మారి పుణె వెళ్తోందనీ, ఆవిడకు బైకంటే ప్రాణమనీ, పద్నాలుగు మంది తలా మూడొందలు వేసుకున్నారనీ, ఏం కొనాలో తేల్చే పని నీ నెత్తిన పడిందనీ రాశావు. నువ్వు పంపిన మూడు లింకులూ తెరిచాను. ఇత్తడి బుల్లెట్ బొమ్మ, చక్రం ఆకారంలో గోడ గడియారం, హెల్మెట్ బొమ్మ ఉన్న కాఫీ మగ్గు. మూడూ వద్దు. బైక్ నడిపేవాళ్లకు బైక్ నడపనివాళ్లు కొనిపెట్టే వస్తువులవి. రోజూ నిజం బండి తోలే మనిషికి ఇత్తడి బండి దేనికి, ఆదివారం ఆదివారం దుమ్ము తుడుచుకోడానికా?

కొట్టుకు వెళ్లే ముందు మీ ఆఫీసు సెల్లార్‌లోకి వెళ్లు. ఆవిడ బండి పక్కన ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడు. హ్యాండిల్‌కు మొబైల్ హోల్డర్ ఉందా? వెనక క్యారియర్ మీద తాళ్లు రాసుకున్న గీతలున్నాయా? ఉంటే సామాను కట్టుకుని దూరాలు పోయే మనిషని అర్థం. చైన్ తడితడిగా, శుభ్రంగా ఉందా, తుప్పెక్కి ఎండిపోయిందా? సీటు మీద కవర్ కప్పి వెళ్తుందా? వాచ్‌మన్‌తో కూడా రెండు మాటలు మాట్లాడు. బండి గురించి మీ టీమ్‌లో ఎవరికీ తెలియని సంగతులు అతనికి తెలిసి ఉంటాయి: వానొస్తే ఏం తొడుక్కుని బయల్దేరుతుంది, ఎప్పుడైనా టైర్‌లో గాలి దిగితే ఏం చేసింది, ఇవన్నీ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆవిడ పెట్టే కొండల ఫొటోల కంటే సెల్లార్‌లో నీకు ఎక్కువ దొరుకుతుంది.

ఆవిడ బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ అన్నావు, అందులోనూ పాత 411 సీసీది. అయితే నీ లిస్టులోని ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ కొట్టేయ్. ఆ బండికి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ కిట్‌లో ఉండే సూది, రబ్బరు వత్తులు దానికి పనికిరావు. చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేయాల్సిందే. బైక్ సంగతి తెలిసినవాళ్లు ఆ కిట్ చూస్తే పైకి థాంక్స్ చెబుతారు, లోపల నవ్వుకుంటారు.

ఇక హెల్మెట్. పద్నాలుగు మందిలో కనీసం పది మంది అదే అని ఉంటారు. ఉద్దేశం మంచిదే కానీ, హెల్మెట్ చాటుగా కొనే వస్తువు కాదు. కనుబొమ్మల పైన తల చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 57, 58 సెంటీమీటర్లు వచ్చినవాళ్లకు సాధారణంగా మీడియం. అయినా ఒక కంపెనీ మీడియం సరిపోయిన తలకు ఇంకో కంపెనీ మీడియం నుదుటి దగ్గర నొక్కుతుంది, ఎందుకంటే తలలు కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి. షాపులో పెట్టుకుని పది నిమిషాలు అలాగే ఉండి చూడాలి. బుగ్గలు కాస్త బిగుతుగా అనిపించాలి, తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ కదలకూడదు. వదులైన హెల్మెట్ పడ్డప్పుడు తల మీద నిలవదు. పైగా దూరాలు తిరిగే మనిషి దగ్గర తనకు నచ్చిన హెల్మెట్ ఈపాటికే ఉంటుంది. మీరు ఇచ్చింది అల్మారా మీదికి ఎక్కుతుంది. అందరూ హెల్మెట్ మీదే పట్టుబడితే ఆవిడకు చెప్పి, షాపుకు తీసుకెళ్లి, ఆవిడ ఎంచుకున్నదానికి మీరు డబ్బు కట్టండి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో మాత్రం చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్లు మన దేశంలో అమ్మకూడదు. అయినా రోడ్ల పక్కన అమ్ముతూనే ఉన్నారు.

జాకెట్, గ్లోవ్స్, బూట్లకూ ఇదే మాట. ఆడవాళ్ల కొలతలకు కుట్టిన రైడింగ్ జాకెట్లు మన షాపుల్లో తక్కువ. మగవాళ్ల స్మాల్ సైజు తెచ్చిస్తే భుజాలు జారతాయి, మోచేతి దగ్గర ఉండాల్సిన ప్యాడ్ ముంజేతి మీదికి దిగుతుంది. ప్యాడ్ దాని చోట లేనప్పుడు అది ఉట్టి బరువే. గ్లోవ్స్ పట్టేస్తే క్లచ్ నొక్కేటప్పుడు వేళ్లు లాగేస్తాయి. ఒంటికి తొడుక్కునేదేదీ అడక్కుండా కొనొద్దు.

బండికి బిగించే వస్తువులు అసలే వద్దు. కొత్త సైలెన్సర్, పెద్ద హారన్, కళ్లు జిగేల్మనే లైట్లు. బండి పుస్తకంలో ఉన్నదానికి తేడాగా మార్పులు చేయడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, పోలీసులు ఆపితే కట్టాల్సింది ఆవిడే. స్టిక్కర్లు ఇస్తే ఇవ్వండి, మీరు మాత్రం అతికించకండి. ఒకరి బండి మీద స్టిక్కర్ ఎక్కడ ఉండాలో ఇంకొకరు చెప్పకూడదు.

మొబైల్ హోల్డర్ చవకది అస్సలు కొనకు. ఇంజిన్ అదురు ఫోన్ కెమెరాను పాడుచేయగలదని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. అదురు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్నవి దొరుకుతాయి. సెల్లార్‌లో చూసినప్పుడు హోల్డర్ లేకపోతే అలాంటిది ఆలోచించొచ్చు. ఉంటే వదిలేయ్.

ఇప్పుడు కొనదగ్గవాటికి వస్తాను. నా పద్ధతి ఒకటే: సైజుతో పనిలేనిది, వాడితే అయిపోయేది లేదా ఇప్పుడున్న దానికి తోడుగా రెండోది ఉన్నా ఉపయోగపడేది. ఈ లెక్కకు నిలిచే వస్తువులు మరీ ఎక్కువ లేవు.

చైన్ క్లీనర్, చైన్ లూబ్, మూడు వైపులా కుచ్చులుండే బ్రష్, ఈ సెట్టు వెయ్యి రూపాయల్లో వస్తుంది. దాదాపు 500 కిలోమీటర్లకోసారి చైన్ శుభ్రం చేసి నూనె పట్టించాలి, వానలో తిరిగితే ఇంకా ముందే. అందుకే అది ఎప్పుడూ అయిపోతూనే ఉంటుంది, ఎన్ని ఇచ్చినా ఎక్కువ కాదు. పాత మెకానిక్‌లు 90 నంబర్ గేర్ ఆయిల్ రాస్తారు, నాకూ అదే అలవాటు, కానీ గిఫ్ట్ కాగితంలో గేర్ ఆయిల్ చుట్టి ఇవ్వమని నీకు చెప్పను. ఒక సంగతి కనుక్కో: ఆవిడ పుణెకు బండి మీద వెళ్తోందా, బండిని రైల్లో పార్సిల్ చేసి విమానం ఎక్కుతోందా? విమానమైతే ఈ స్ప్రే డబ్బాలు చెక్-ఇన్ సామానులో కూడా ఒప్పుకోరు.

చేతిలో పట్టేంత గాలి పంపు, ఛార్జింగ్ పెట్టుకునేది, రెండు మూడు వేలలో మంచివి ఉన్నాయి. ట్యూబ్ టైరైనా, ట్యూబ్‌లెస్సైనా పనిచేస్తుంది. బంకుల్లో గాలి మీటర్లు ఎంత నమ్మకమో నీకు తెలుసు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఇంటి దగ్గరే చూసుకునే వీలుంటే దూరాలు తిరిగేవాళ్లకు టెన్షన్ సగం తగ్గుతుంది. రాళ్ల దారిలో కాస్త గాలి తీసి, మళ్లీ తారు రోడ్డెక్కగానే నింపుకోడానికీ అది కావాలి. సెల్లార్ వాచ్‌మన్ 'మేడమ్ దగ్గర అలాంటిది ఉంది' అంటే మాత్రం కొనకు.

నన్ను ఒక్కటే చెప్పమంటే, నీళ్లు దిగని టెయిల్ బ్యాగ్ చెబుతాను. వెనక సీటు మీదో, క్యారియర్ మీదో పట్టీలతో బిగించుకునేది. ఆవిడ వెళ్తున్నది పుణెకు కదా. హైదరాబాద్‌లో వాన వస్తే గంటో రెండు గంటలో ఫ్లైఓవర్ కింద ఆగి వెళ్లిపోతాం. అక్కడ జూన్‌లో మొదలైతే లోణావాలా, తామ్హిణీ ఘాట్ వైపు రోజుల తరబడి కురుస్తుంది, అక్కడి రైడర్లు బయల్దేరేదే ఆ వానలో తడవడానికి. మనిషి తడిస్తే ఆరుతుంది, ల్యాప్‌టాప్ ఆరదు. మామూలు బ్యాగుకు పైన తొడిగే రెయిన్ కవర్ గాలికి ఉబ్బి ఎగిరిపోతుంది. నోరు మూడు చుట్లు చుట్టి బకిల్ పెట్టే రకం తీసుకో. 30 నుంచి 40 లీటర్లది అయితే రెండు రోజుల బట్టలూ, రెయిన్ సూటూ పడతాయి. అంతకంటే పెద్దది సీటు దాటి పక్కలకు వేలాడుతుంది. కొనేటప్పుడు పట్టీలు చేత్తో లాగి చూడు, కొసలు పొడుగ్గా మిగిలితే వాటిని మడిచి బిగించే ఎలాస్టిక్ ఉందో లేదో చూడు. వేలాడే పట్టీ చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది, సైలెన్సర్‌కు తగిలితే కరిగిపోతుంది. రంగు నలుపు వద్దు, పసుపో నారింజో తీసుకో, వెనక లారీవాడికి కనబడాలి. ఆ బండికి వెనక క్యారియర్ కంపెనీయే ఇస్తుంది కాబట్టి బిగించుకోడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

మీ దగ్గర నాలుగు వేల రెండొందలు ఉన్నాయి. బ్యాగు కొన్నాక మిగిలితే చైన్ సెట్టు, మిగలకపోతే బ్యాగు చాలు. ఇంకో వంద వేయమని ఎవరినీ అడగొద్దు, ముఖ్యంగా ఈ మధ్యే చేరిన పిల్లల్ని. 'కవర్‌లో పెట్టి క్యాష్ ఇచ్చేద్దాం' అని ఎవరో ఒకరు అంటారు. పెళ్లిలో వెయ్యి నూట పదహార్లు చదివిస్తే బాగుంటుంది కానీ, ఆఫీసు పిల్లలు టీమ్ లీడ్ చేతిలో నోట్లు పెడితే ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఇబ్బందే. రైడింగ్ సామాను అమ్మే షాపు గిఫ్ట్ కార్డయితే పర్వాలేదు, పుణెలోనూ ఆ షాపు ఉంటే.

ఇంకొకటి, దీన్ని చాలామంది మర్చిపోతారు. వీడ్కోలు రోజు ఆవిడ ఆఫీసుకు బైక్ మీదే వస్తుంది. మీరు అద్దం ఫ్రేము, పూలగుత్తి, రెండడుగుల మెమెంటో చేతిలో పెడితే సాయంత్రం ఎలా తీసుకెళ్లాలి? హెచ్ఆర్ వాళ్లు ఏదో ఫ్రేము ఇస్తారని తెలిస్తే ముందే చెప్పి, అది కొరియర్ చేయించు. బ్యాగయితే బండికే కట్టుకుపోతుంది, మిగతా చిన్నా చితకా అందులోనే పడతాయి. దాని మీద కంపెనీ లోగో కొట్టించొద్దు. మానేసి వెళ్లే కంపెనీ పేరు ఊరంతా మోసుకు తిరగాలని ఎవరికుంటుంది? మీ పేర్లు, నాలుగు మాటలు కార్డు మీద రాసి లోపల పెట్టండి. హైదరాబాద్ నుంచి పుణెకు 65వ నంబర్ జాతీయ రహదారి మీద, జహీరాబాద్, హుమ్నాబాద్, సోలాపూర్ మీదుగా, దాదాపు 560 కిలోమీటర్లు. మీలో ఆ దారిన తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే మంచి టీ ఎక్కడ దొరుకుతుందో, నల్‌దుర్గ్ కోట దగ్గర బండి ఎక్కడ ఆపుకోవచ్చో కార్డు వెనక రాయమను. మామూలు 'ఆల్ ది బెస్ట్'ల కంటే అది ఎక్కువసార్లు చదువుకుంటుంది.

బిల్లు పారేయకు. ధర కనబడుతుందని మొహమాటపడి చింపేస్తారు కొందరు. కుట్టు ఊడినా, నీళ్లు దిగినా మార్చుకోవాలంటే ఆవిడకు అదే ఆధారం. కవర్‌లో పెట్టి బ్యాగు లోపలి జేబులో ఉంచు, ఉందని నోటితో చెప్పు. కొనే ముందు బ్యాగు ఫొటో ఒకటి నాకు పంపు, పట్టీలు చూస్తాను.

మీ పెదనాన్న