పాత సైనిక టోపీని అమెరికా పంపొచ్చా?

ప్రశ్న: మా తాతగారు సికింద్రాబాద్ కంటోన్మెంట్ వేలంలో కొన్న బ్రిటిష్ అధికారి టోపీ మా ఇంట్లో ఉంది. తెల్లగుడ్డ కప్పిన బెండు టోపీ, పైన ఈకల కుచ్చు, ముందు ఇత్తడి బిళ్ల. టెక్సస్‌లో ఉన్న మా అబ్బాయికి ఇలాంటివి సేకరించే అలవాటు. కొరియర్‌లో పంపొచ్చా? లేదంటే ఇక్కడే అమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఇంట్లో ఉంచుకోవడానికి ఏ అడ్డూ లేదు. చిక్కల్లా పంపడం దగ్గరే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు వందేళ్లు నిండితే అది పురావస్తువే. సెక్షన్ 3 ప్రకారం కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దాన్ని దేశం దాటించకూడదు. కన్నకొడుక్కి కానుకగా పంపినా అంతే. శిక్ష కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, పైగా జరిమానా. కొరియర్ ఫారంలో ‘పాత టోపీ, గిఫ్ట్’ అని రాసి పంపేద్దామనుకుంటే తప్పుడు డిక్లరేషన్ కేసు కూడా తోడవుతుంది.

అందుకే ముందు వయసు తేల్చుకోండి. బిళ్ల మీద ఐదో జార్జి ముద్ర ‘జి.వి.ఆర్.’ ఉంటే అది 1910-36 నాటిది, అంటే వందేళ్లకు అటో ఇటో చెప్పలేం. ట్యూడర్ కిరీటం (గుండ్రటి కమానులున్న కిరీటం గుర్తు) ఒక్కటే ఉంటే మరీ కష్టం, 1901 నుంచి 1952 దాకా అదే వాడారు. బిళ్లలు మార్చేసిన టోపీలూ ఎక్కువే. లోపలి తోలు పట్టీని మెల్లగా తిప్పి చూడండి. తయారీదారు ముద్ర, కొన్నిటికి బాణం గుర్తు (బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర) పక్కన సంవత్సరం కనిపిస్తాయి. దాన్ని తుడవకండి, అస్తరు మార్పించకండి. మీకున్న గట్టి సాక్ష్యం అదే.

తర్వాత అన్ని వైపులా ఫొటోలు తీసి, ఆ ముద్రను దగ్గరగా తీసి, వేలం రసీదు ఉంటే జతచేసి, భారత పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ కార్యాలయంలో ‘పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. అది చేతికొచ్చాకే పార్శిల్ కట్టండి. కుచ్చులో నెమలి ఈకలుంటే మాత్రం ఆ పత్రమున్నా కుదరదు, వాటి ఎగుమతి నిషిద్ధం.

ఇక్కడ అమ్మడం తేలిక. వారసత్వంగా వచ్చిన ఒక్క టోపీ అమ్ముకుంటే అది వ్యాపారం కాదు. కొంటూ అమ్ముతూ పోతే మాత్రం సెక్షన్ 5 కింద లైసెన్సు కావాలి. ఎవరికి అమ్మారో రాతపూర్వకంగా ఉంచుకుని, ఫొటో కూడా దాచుకోండి. రేపు ఆ కొన్నవాళ్లు దాన్ని దేశం దాటిస్తూ దొరికితే మీకు అక్కరకొచ్చేది ఆ కాగితమే.