బొమ్మల సరదాకు ఐప్యాడ్ వాయిదాలు కట్టవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. చీమకుర్తిలోని ఒక గ్రానైట్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. జీతం 27,000 రూపాయలు. చెల్లెలి పెళ్లికి బంగారం కుదువపెట్టి 80,000 అప్పు తీసుకున్నాము. ఇంటి ఖర్చులూ, ఆ అప్పుకు 12 శాతం వడ్డీ పోను నెలకు 6,000 మిగులుతుంది. బ్యాంకులో మరో 30,000 ఉంది. చిన్నప్పటి నుంచి ఒంగోలు గిత్తల బొమ్మలు పెన్సిలుతో వేస్తున్నాను, ఇప్పుడు డిజిటల్‌గా వేయాలని కోరిక. పెన్నుతో కలిపి 60,000 అయ్యే ఐప్యాడ్‌ను క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? పోటీ పరీక్షలకు చదివేటప్పుడు కొన్న కంప్యూటరు ఇంట్లోనే ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటను మీరు చివర్లో ముక్తసరిగా రాశారు. కంప్యూటరు ఉన్నవారు ఈ సరదాను మొదలుపెట్టడానికి 60,000 అక్కర్లేదు. తెర లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి చాలు; అంటే కంప్యూటరుకు తగిలించే పలక, దాని మీద పెన్నుతో గీస్తే బొమ్మ కంప్యూటరు తెర మీద పడుతుంది. హుయాన్, ఎక్స్‌పీ పెన్, వాకామ్ వంటి కంపెనీల చిన్న పలకలు సుమారు 3,000 నుంచి 6,000 రూపాయల లోపు దొరుకుతాయి. బొమ్మలు వేయడానికి క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, ఎన్నాళ్లు వాడినా రుసుము అడగదు. చెయ్యి బల్ల మీదా చూపు తెర మీదా ఉండటం మొదటి రెండు మూడు వారాలు చికాకుగానే ఉంటుంది, తరువాత అలవాటవుతుంది. అయితే ఫోను మీద గీసేందుకు వంద, రెండు వందలకు అమ్మే రబ్బరు మొన పెన్నుల జోలికి మాత్రం వెళ్లకండి. గిత్త మూపురం దగ్గర గీత లావై, గంగడోలు మడతల్లో సన్నబడాలంటే పరికరానికి మీ చేతి ఒత్తిడి తెలియాలి. ఆ పెన్నులకు అది తెలియదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ సంగతి. వడ్డీ లేకుండా పోదు; బ్యాంకు వేసే వడ్డీకి సరిపడా మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి చూపిస్తారు. వడ్డీ 15 శాతం అనుకుంటే మీ కొనుగోలులో అది దాదాపు 4,600 అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 830 రూపాయలు, మీరే కట్టుకోవాలి. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అదీ, దాని మీది జీఎస్టీ కూడా అదనం. ఈ మొత్తం పెద్దది కాకపోవచ్చు గానీ, నెలకు 5,000 వాయిదా పోతే మీ చేతిలో మిగిలేది 1,000 మాత్రమే. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిన నెలలో కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద వడ్డీ ఏడాదికి 36 శాతం దాటుతుంది. పైగా ఐప్యాడ్‌తో ఖర్చు ఆగదు: కవరు కొనాలి, బొమ్మలు వేసే ప్రొక్రియేట్ యాప్‌కు ఒకసారి డబ్బు కట్టాలి, ఫోటోషాప్ కావాలంటే చందా కడుతూనే ఉండాలి.

నేనైతే మీ డబ్బును ఇలా సర్దుతాను. ఈ నెల మిగులులోంచి 4,000 లోపు పలక కొనండి, బ్యాంకులోని 30,000 ముట్టుకోకండి. వచ్చే నెల నుంచి 4,500 బంగారం అప్పు అసలుకు జమ చేయండి. విడతలుగా అసలు కట్టడానికి మీ శాఖలో వీలుందో లేదో ముందే అడగండి. ఇప్పుడు కడుతున్న 800 వడ్డీతో కలిపి నెలకు 5,300 చొప్పున ఆపకుండా కడితే పదహారు, పదిహేడు నెలల్లో నగలు ఇంటికి వస్తాయి. ఏడాదికొకసారి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ పోతే అసలు అక్కడే ఉంటుంది, ఏటా 9,600 రూపాయలు పోతుంది. మిగిలిన 1,500తో ఏడాదికి రికరింగ్ డిపాజిట్ తెరవండి.

బొమ్మలకు ఆర్డర్లు వస్తే వాయిదా అదే తీరుతుందని మీకు అనిపించవచ్చు. ఇంకా రాని ఆదాయాన్ని అప్పుకు హామీగా చూపడం నాకు నచ్చదు. కెమెరా విషయంలో నేనూ ఒకప్పుడు అలాగే లెక్కవేసుకున్నాను, అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఏడాది చివర కూడా వారానికి రెండు మూడు సాయంత్రాలు గీస్తూనే ఉంటే, డిపాజిట్‌లో చేరిన 18,000, దాని వడ్డీతో తెర ఉన్న పలకనే నగదుకు చూడవచ్చు. మధ్యలో మానేస్తే మీకు పోయేది 4,000లో కొంత భాగమే, ఎందుకంటే పలక బాగుంటే సగం ధరకైనా కొనేవారు దొరుకుతారు.