పడక పుండు పడితే ఇక రోజులు లెక్కపెట్టాల్సిందేనా?

ప్రశ్న: మా అత్తమ్మకు 78 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మంచం మీదే ఉంటోంది. ఇప్పుడు నడుం కింద, ముడ్డిపూస దగ్గర రూపాయి బిళ్లంత పుండు పడింది. చూడ్డానికొచ్చిన బంధువులు ‘పుండ్లు పడ్డాయంటే ఇంక ఎక్కువ రోజులుండదు’ అని ఆమెకు వినబడేట్టే అనేశారు. అప్పట్నించి సరిగా తినడం లేదు. నేను పౌడర్ చల్లి, కింద గాలి ట్యూబు పెడుతున్నాను. వాళ్లన్నది నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక కోడలు, చంద్రగిరి

జవాబు: తల్లీ, తిరుపతిలో ఎముకల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి పుండు మానిపోయి వాకర్ పట్టుకుని నడిచినవాళ్లను చూశాను, పోయినవాళ్లనూ చూశాను. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

పడక పుండు ఉన్న పెద్దవాళ్లకు చనిపోయే ముప్పు, లేనివాళ్లకంటే రెట్టింపుకు దగ్గరగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే ఈ పుండ్లు ఎక్కువగా పడేది ఎవరికి? అప్పటికే తిండి తగ్గి, కండ కరిగి, కదల్లేకుండా ఉన్నవాళ్లకు. ఆ ముప్పులో చాలా భాగం ఈ నీరసానిదే. పుండు తనంతట తాను ప్రాణం మీదికి తెచ్చేది లోతుకు దిగి, ఇన్ఫెక్షన్ ఎముకకో రక్తానికో పాకినప్పుడు. అంతదాకా పోకుండా చూసుకోవడం చాలావరకు మన చేతుల్లో ఉంది. బంధువులన్న మాటకు ఆమె తిండి మానేసిందే, నాకు పుండుకంటే అదే ఎక్కువ భయంగా ఉంది.

పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకని ఉత్త సంగటి, మజ్జిగ పెడితే చాలదు. సంగటిలోకి చెనిగ్గింజల ఊరిబిండి, పప్పు, గుడ్డు, మధ్యలో పాలు, ఇలా కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే.

గాలి ట్యూబు ఈరోజే తీసేయండి. దాని అంచు ఒత్తుకుని పుండు చుట్టూ రక్తం ఆడదు. పౌడర్, పసుపు, స్పిరిట్ ఏవీ వద్దు. సెలైన్‌తో కడిగి, నర్సు చెప్పిన డ్రెస్సింగ్ వేయండి. ఎర్రబడిన చోట రుద్దకూడదు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కూడా, కాబట్టి చేత్తో తాకి చూడండి. చుట్టుపక్కలకంటే వేడిగానో గట్టిగానో ఉంటే అక్కడా పుండు మొదలవుతున్నట్టే.

పగలు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా తుంటి మీదికి తిప్పకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చితే చాలు. ఆపరేషన్ అయిన వైపు ఎంతవరకు తిప్పొచ్చో సర్జన్‌నే అడగండి. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. పైకి జరిపేటప్పుడు ఈడవద్దు. ఇద్దరు దుప్పటి పట్టుకుని ఎత్తండి. ఆ రెండో మనిషి మీ ఆయనే కావాలి, రాత్రి పక్క మార్చే వంతు కూడా ఆయనకివ్వండి. ఇది కోడలొక్కతే మోసే పని కాదమ్మా. మోటారుతో నడిచే ఎయిర్ బెడ్ కొనగలిగితే మంచిదే, అది వేసినా పక్క మార్చడం మానొద్దు.

పైకి రూపాయి బిళ్లంతే ఉన్నా లోపల ఎంత లోతుందో ఇంట్లో తెలియదు. ఈ వారంలోనే ఒకసారి డాక్టరుకు చూపించండి. పుండు నల్లబడినా, వాసన కొట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, మనిషి మత్తుగా ఉండి పొంతన లేకుండా మాట్లాడినా అదే రోజు తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ ముదిరినా ఒక్కోసారి జ్వరం రాదు. కాబట్టి థర్మామీటరు మామూలుగా చూపించినా, మత్తుగా ఉంటే ఆగొద్దు.