కన్ఫ్యూషియస్ చెప్పిన ‘లీ’ లాభమా, మర్యాదా?

సందేహం: చైనా ప్రాచీన తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ గురించిన ఒక వ్యాసంలో ‘లీ’ సజ్జనుడు తప్పక పాటించవలసినదని చదివాను. మరొక వ్యాసంలో అతడు ‘లీ’ వెంట పడడని, ‘యీ’నే పట్టించుకుంటాడని ఉంది. ఏది సరి? ‘యీ’ని ‘ధర్మం’ అని తెలుగు చెయ్యవచ్చునా?

సమాధానం: ‘లీ’ వరకు రెండు వ్యాసాలూ సరైనవే. చిక్కంతా మన లిపిలో ఉంది. చైనా భాషలో పలుకు అదే అయినా స్వరం మారితే మాట మారిపోతుంది. నేటి ఉచ్చారణలో, కిందికి దిగి లేచే స్వరంతో పలికిన ‘లీ’కి మర్యాద, ఆచారం, కర్మకాండ అని అర్థం, పైనుంచి జారిపడే స్వరంతో పలికినది లాభం. రాతలో ఈ రెండింటికీ పోలికే లేదు. లాభాన్ని సూచించే గుర్తులో ఎడమవైపు పైరు, కుడివైపు కత్తి ఉంటాయి, కోతకు వచ్చిన చేను కళ్ళకు కట్టినట్టు. తెలుగులో రాసేసరికి రెండూ ఒకటే అయి కూర్చుంటాయి.

మరో ‘లీ’ కూడా ఉంది. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తరువాతి తత్త్వవేత్త మెన్షియస్ గ్రంథం మొదట్లోనే లియాంగ్ రాజు హుయ్ ఆయనను, “పెద్దాయనా, వెయ్యి లీల దూరమని కూడా చూడకుండా వచ్చారు, మా రాజ్యానికి లీ కలిగే ఉపాయమేదైనా తెచ్చారా?” అని పలకరిస్తాడు. మొదటిది మన కోసు, ఆమడల వంటి దూరపు కొలత; రెండవది లాభం. “రాజా, లాభం మాట ఎందుకు? నా రాజ్యానికి ఏం లాభమని మీరంటే, అధికారులు మా ఇంటికి ఏం లాభమంటారు, సామాన్యులు నాకేం లాభమంటారు, పైవారూ కిందివారూ ఒకరిది ఒకరు లాక్కోవడంతో రాజ్యమే ప్రమాదంలో పడుతుంది” అని మెన్షియస్ జవాబు. అందుచేత ఉత్త ‘లీ’ అని రాసి ఊరుకోకుండా పక్కనే తెలుగు మాట ఇవ్వడం అనువాదకుల బాధ్యత.

ఆ తెలుగు మాట ‘లాభం’ అయితేనే బాగుంటుంది. “ఎంత చెప్పినా లాభం లేదు” అంటాం కదా, అక్కడ అంగడి లెక్క ఏమీ లేదు, ప్రయోజనమనే అర్థం. చైనా మాటకూ ఆ వెడల్పు ఉంది. కొందరు ‘స్వార్థం’ అని రాస్తారు, అది తప్పనే అంటాను, ఎందుకంటే మూలంలో లేని నింద మాటలోకి వచ్చి చేరుతుంది. కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) సంపదను తిట్టలేదు. రాజ్యం సవ్యంగా నడుస్తున్నప్పుడు పేదగా ఉండడం సిగ్గుచేటు, అపసవ్యంగా నడుస్తున్నప్పుడు ధనవంతుడుగా ఉండడం సిగ్గుచేటు అన్నాడు. ‘యీ’ తప్పి వచ్చిన సిరి మాత్రం తనకు తేలిపోయే మబ్బు వంటిదన్నాడు.

ఇక ‘యీ’. ‘ధర్మం’ తప్పు కాదు గాని మన దగ్గర ఆ మాట మోసే బరువు చాలా ఎక్కువ: నిప్పు కాల్చడం దాని ధర్మం, బిచ్చగాడికి వేసేదీ ధర్మమే, వర్ణాశ్రమాలకూ ధర్మాలున్నాయి. చైనా ప్రాచీన గ్రంథం ‘జోంగ్ యోంగ్’ ఈ ‘యీ’ని దాదాపు అదే ధ్వని గల మరో మాటతో, ‘తగి ఉండడం’ అని వివరించింది. దానికి సరిగ్గా సరిపోయే సంస్కృత పదం ‘ఉచితం’. కాని తెలుగు పాఠకుడికి ఉచితం అంటే డబ్బు చెల్లించనక్కర లేనిది. లాభానికి ఎదురుగా ఆ మాట పెడితే నవ్వులాటే. పాత అర్థం ‘సముచితం’, ‘ఉచితానుచితాలు’ వంటి చోట్ల మాత్రమే మిగిలింది. అచ్చ తెలుగులో ‘తగవు’ ఉండేది. పూర్వకావ్యాల్లో న్యాయం, తగినతనం అనే అర్థాల్లో వాడిన ఆ మాట ఇప్పుడు పోట్లాట అయింది. న్యాయం కోసం వెళ్ళిన చోట జరిగేది అదే కాబట్టి కాబోలు!

కనుక నేను ‘తగినది’ అని రాస్తాను. వ్యాసమంతటా ఒకే పదం కావాలనుకుంటే ‘ధర్మం’ అని పెట్టి, మొదటిసారి వచ్చినచోట ‘ఆ సందర్భానికి తగిన పని’ అని వివరించవచ్చు. మీరు చదివిన వాక్యం కన్ఫ్యూషియస్ మాటల సంకలనమైన ‘లున్ యూ’ నాలుగవ అధ్యాయంలోనిది. అందులోని క్రియకు ‘వెంట పడడం’ అని గాని, ‘పట్టించుకోవడం’ అని గాని అర్థం లేదు, ‘గ్రహించడం’ అని అర్థం. “సజ్జనుడికి ఏది తగినదో చెబితే తలకెక్కుతుంది, అల్పుడికి ఏది లాభమో చెబితే తలకెక్కుతుంది” అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది.