చీటీ పాడండి, బంగారం బ్యాంకులో పెట్టండి, ప్లాటు జోలికి వెళ్లకండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర ఊరు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం 58,000. మా ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టి నెలకు 7,000 దాకా తెస్తుంది. అద్దె 14,000, పిల్లల ఫీజులు 6,000, సరుకులు, పాలు, కూరగాయలు 13,000, పెట్రోలు, కరెంటు, ఫోన్లు 5,500, అమ్మానాన్నలకు 4,000. పర్సనల్ లోన్ 3.2 లక్షలు మిగిలింది (15 శాతం, ఈఎంఐ 11,200). క్రెడిట్ కార్డు బాకీ 1.6 లక్షలు, మినిమం 8,000 కడుతున్నా. తెలిసినాయన దగ్గర నోటు మీద 2 లక్షలు, మూడు రూపాయల వడ్డీ. ఈ నోటు సంగతి మా ఆవిడకు తెలియదు. కంపెనీలో 2 లక్షల చీటీ ఉంది, 40 నెలల్లో 22 అయ్యాయి, ఇంకా పాడలేదు, నెలకు 5,000. ఒక ఏజెంటు 16 శాతానికి 7 లక్షల లోన్ ఇప్పిస్తాను, అన్నీ కట్టేయమంటున్నాడు. లేదా అమ్మ పేరున ఊళ్లో ఉన్న ప్లాటు అమ్మేయాలా?

జవాబు: మీరు రాసినవన్నీ కూడితే నెల ఖర్చు 72,700 తేలింది, రాబడి 65,000. ప్రతి నెలా తగ్గుతున్న ఆ 7,700 కార్డు మీదే పడుతోంది. ఒక చేత్తో 8,000 కట్టి, రెండో చేత్తో దాదాపు అంతే గీకుతున్నారు. ఆ కట్టిన 8,000లో కూడా నెలకు మూడున్నర శాతం వడ్డీ కింద 5,600, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో వెయ్యి పోతే, అసలుకు చేరేది 1,400 లోపే. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా గడువు రాదు, కొన్న రోజు నుంచే వడ్డీ. రేపటి నుంచి ఆ కార్డు బీరువాలో ఉండాలి.

ఇక నోటు. మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి అది 36 శాతం. నెలకు 6,000 కడుతున్నా అసలు రూపాయి తగ్గలేదు. నోటుకు మూడేళ్లు నిండేలోపు తిరగరాయమంటారు, మధ్యలో ఏ రెండు నెలల వడ్డీ ఆగినా అప్పుడు అసల్లో కలుస్తుంది.

ఈ రెండూ తీరితే మిగిలిన పర్సనల్ లోన్ గురించి నాకు పెద్ద దిగుల్లేదు. దాని దారిన అది మరో 36 నెలల్లో తీరిపోతుంది. 7 లక్షల కొత్త లోన్ వద్దనేది అందుకే. ఏజెంటు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, అయిదేళ్లకైతే ఈఎంఐ 17,000 దగ్గర వస్తుంది, ఇప్పుడు కడుతున్న 25,200 కంటే తక్కువే. కానీ 15 శాతం లోన్‌ను ముందే మూసేసినందుకు ఛార్జీ కట్టి, ప్రాసెసింగ్ ఫీజు కట్టి, 16 శాతానికి ఎందుకు తీసుకోవాలి? అయిదేళ్లలో కట్టేది 10 లక్షలు దాటుతుంది. ఆ లోపు ఖాళీ అయిన కార్డు మళ్లీ నిండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

కార్డుకు చీటీ ఉంది. వచ్చే పాటకు వెళ్లి పాడేయండి. 35,000 పోయి 1,65,000 చేతికొచ్చినా పాడొచ్చు. పోతుందని మనసు పీకుతుంది, నిజమే. కానీ మిగతా 18 నెలలూ కార్డు ఇలాగే నడిస్తే వడ్డీకే లక్ష పైన పోతుంది. ఒక్క చిక్కు: పాడిన వెంటనే డబ్బు ఇవ్వరు, ష్యూరిటీలు అడుగుతారు. జీతం స్లిప్పు ఇవ్వగల ఇద్దరు ముగ్గురిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆ డబ్బు మీ ఖాతాలో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు, నేరుగా కార్డుకు.

నోటుకు దారి మీ ఇంట్లోనే ఉంది, బంగారం. మీ ఉత్తరంలో దాని మాటే లేదు గానీ, ఎంతో కొంత ఉండే ఉంటుందనుకుంటున్నాను. అమ్మొద్దు. బ్యాంకులో 2 లక్షలకు సరిపడేంత మాత్రం పెట్టండి. పది శాతం వేసుకున్నా నెలకు వడ్డీ 1,670, ఇప్పుడు కడుతున్నది 6,000. అయితే బంగారం ఆవిడది. కాబట్టి ముందు నోటు సంగతి చెప్పాలి. లెక్కల మనిషిని, ఇంట్లో ఎలా చెప్పాలో నేర్పే మనిషిని కాను. ఒకటి మాత్రం అంటాను: ఈ ఉత్తరం నాకు రాసినట్టే ఆవిడ ముందు కాగితం మీద రాసి పెట్టండి, బాకీలన్నీ ఒకే రోజు. విడతలుగా బయటపడితే ప్రతిసారీ ఇంకేదో దాచారనే అనిపిస్తుంది.

గోల్డ్ లోన్ చాలాచోట్ల ఏడాదికే ఉంటుంది. వడ్డీ నెలనెలా కట్టండి. అసలు కొంచెం కొంచెంగా కట్టుకునే వీలున్న స్కీమ్ అడగండి. ఏడాది చివర్లో మొత్తం చూసుకుందాం అనుకున్నవాళ్లకే వేలం నోటీసు వస్తుంది.

ఇవి రెండూ జరిగాక బాకీలకు పోయేది 30,200 కాదు, దాదాపు 17,900. నెలకు 4,600 మిగులుతుంది. అది మిగులని సంబరపడకండి. మీ పట్టికలో పెళ్లిళ్ల చదివింపులు లేవు, దసరా లేదు, జూన్‌లో పుస్తకాలు, యూనిఫాంలు లేవు, బండి ఇన్సూరెన్స్ లేదు. అవి రాలేదా? వచ్చాయి, కార్డు మీద వచ్చాయి. వాటికి ఏడాదికి 30,000 అనుకుని నెలకు 2,500 వేరే ఖాతాలో వేయండి. జీతం పడిన రోజే వేయాలి, నెలాఖరుకు మిగిలితే వేద్దామంటే మిగలదు. తక్కిన 2,100 గోల్డ్ లోన్ అసలుకు. చీటీ అయిపోయాక ఆ 5,000 కూడా అటే. పర్సనల్ లోన్ తీరిన రెండు మూడు నెలలకు బంగారం ఇంటికొస్తుంది. కుట్టు పని తగ్గిన నెలల్లో ఈ లెక్క కాస్త జారుతుంది, అది ముందే తెలిసి ఉండాలి. అమ్మానాన్నల 4,000 మాత్రం ఆపమని నేననను.

ప్లాటు విషయం. భూమి ఎప్పుడూ పెరుగుతుందని నమ్మే మనిషిని కాను. కానీ అది అమ్మగారిది, మీ కార్డు బాకీకి ఆవిడ ఆస్తి దాకా వెళ్లే అవసరం ఈ లెక్కలో రాలేదు. తొందరలో అమ్మితే ధర కూడా కొనేవాడే చెబుతాడు.

చివరగా నోటాయన దగ్గరికి వెళ్లేటప్పుడు: డబ్బు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. అసలు నోటు వెనక్కి తీసుకోండి. తీసుకున్నప్పుడు ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ అడగండి. మొత్తం కాక కొంతే కడితే నోటు వెనక చెల్లు రాయించి, తారీఖు వేయించి, సంతకం పెట్టించుకోండి. తర్వాత చూద్దాంలే అంటే ఆ రోజు డబ్బు ఇవ్వకుండానే లేచి రండి.