ఏ క్యాన్సర్ ఎక్కువమందికి వస్తుంది? ఏది ఎక్కువమంది ప్రాణాలు తీస్తుంది?

ప్రపంచం మొత్తం మీద అడిగితే రెండింటికీ జవాబు ఊపిరితిత్తుల క్యాన్సరే. 2022 లెక్కల్లో కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు 25 లక్షలు, పోయినవాళ్ళు 18 లక్షలు. మన దేశంలో వరస వేరు. ముందు రొమ్ము, తర్వాత నోరు, ఆ తర్వాత గర్భాశయ ముఖద్వారం. ఎక్కువగా వచ్చేదే ఎక్కువగా చంపుతుందని కూడా ఏం లేదు. అదే ఏడాది థైరాయిడ్ క్యాన్సర్ 8 లక్షల పైచిలుకు మందికి బయటపడితే పోయినవాళ్ళు 50 వేల లోపే. పాంక్రియాస్, అంటే పొట్ట లోపలి క్లోమ గ్రంథి, దాని క్యాన్సర్ 5 లక్షలమందికి వస్తే నాలుగున్నర లక్షలు దాటి పోయారు.

ఈ లెక్కల్లో నాకు ఒళ్ళు మండించేది మాత్రం నోటి క్యాన్సర్. 2022లో మన దేశంలో 1.43 లక్షల కొత్త కేసులు, 80 వేల చావులు. పొట్ట లోపల గడ్డ ఎవరికీ కనపడదు, సరే. నోరు తెరిస్తే కనపడే జబ్బు ఇంతమందిని పట్టుకుపోవడమేమిటి?

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. మా పెద్దమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. గాలికి ఆరదు, చినుకులకి తడవదు, తొందరగా అయిపోదు. రెండు చేతులూ ఖాళీయే కాబట్టి నాట్లు వేస్తూ, బట్టలు ఉతుకుతూ తాగొచ్చు. మా వైపు మగాళ్ళకంటే ఆడవాళ్ళకే ఈ అలవాటు ఎక్కువ. 1971లోనే మన ఆంధ్ర పల్లెల్లో పదివేలమందికి పైగా నోళ్ళు తెరిపించి చూసి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో పరిశోధకులు రాసి పెట్టారు. ఆ కాగితం మా ఊరిదాకా రాలేదు.

పెద్దమ్మకి దవడ పళ్ళు కదిలితే కట్టుడు పళ్ళ కోసం టౌన్లో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పళ్ళ సంగతి పక్కనపెట్టి, తల వెనక్కి వాల్చి, లైటు దించి, చిన్న అద్దం లోపలికి పోనిచ్చి చాలాసేపు చూసింది. నన్నూ వంగి చూడమంది. అంగిలి అంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. ఓ పక్కన రూపాయి బిళ్ళంత మేర గరుగ్గా పైకి లేచి ఉంది.

"అమ్మా, ఈ మచ్చ ఎన్నాళ్ళ నించి ఉంది?"

"మచ్చేటి తల్లీ? నాకేటీ నొప్పి లేదు. పళ్ళు కట్టీయండి, ఎల్లిపోతాం."

నొప్పి లేకపోవడమే దీని పాడు గుణం. మొదట్లో నొప్పి ఉండదు, నొప్పి మొదలయ్యేసరికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది. ముక్క తీసి టెస్టుకి పంపాలంటే ఊళ్ళో పెద్దమనుషులు ఊరుకోలేదు. "కత్తి తగిల్తే పాకీద్దిరా" అని ఒకాయన, పసరు మందు ఉందని ఇంకొకాయన. ముక్క తీస్తే పాకుతుందనే ఈ మాట చుట్టలకంటే ఎక్కువమందిని చంపిందని నా గట్టి నమ్మకం. లక్ష్మణఫలం తింటే క్యాన్సర్ పోతుందని ఫార్వర్డులు పంపే చదువుకున్నవాళ్ళు ఆ పసరాయనకంటే ఏం మెరుగో నాకు అర్థం కాదు. ఇక పరామర్శకి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే "ఏ స్టేజీ?" అని అడగడం. అంకె చెప్పేదాకా కాఫీ గ్లాసు ముట్టరు.

చివరికి ముక్క తీయించాం, క్యాన్సరే. ఆపరేషన్‌లో అంగిలిలో కొంత తీసేశారు. ఆ కన్నానికి ప్లేటు ఒకటి చేసిచ్చారు. అది పెట్టుకోకుండా మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట అంతా ముక్కుతోనే. పెద్దమ్మ దాన్ని కడిగి గ్లాసులో వేసి, మనవలు అల్లరి చేస్తే తీసి చూపించి బెదరగొట్టేది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, పోయింది కూడా గుండె జబ్బుతో. చుట్ట మాత్రం మళ్ళీ ముట్టలేదు.

మరి అన్నిట్లో ఏది డేంజరు అంటారా? ఆలస్యంగా దొరికిందే డేంజరు అంటాను, పేరు ఏదైనా సరే. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు, పాంక్రియాస్ సంగతేంటంటారు. నోటి విషయంలో మాత్రం నా మాటే నెగ్గుతుంది. అయినా మనం పన్ను సలిపితే తప్ప పళ్ళ డాక్టరు గడప తొక్కం. గుట్కా నిషేధం అంటారు, బడ్డీ కొట్లో మసాలా ఓ ప్యాకెట్టు, పొగాకు ఓ ప్యాకెట్టు విడివిడిగా వేలాడుతుంటాయి. కుర్రాళ్ళు అక్కడే కలిపి దవడన పెట్టుకుంటున్నారు.

చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళు ఇంట్లో ఉంటే నెలకోసారి సెల్‌ఫోన్ లైటు వేసి వాళ్ళ నోరు చూడండి. కట్టుడు పళ్ళుంటే తీయించి చూడండి. నాలుక అడుగు, దవడల లోపలివైపు, తల వెనక్కి వాల్చి అంగిలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనపడినా నొప్పి ఉందా లేదా అని అడక్కుండా తీసుకెళ్ళండి. "నాకేటీ లేదు" అంటారు. ఆ మాట వినకండి.