సమీకరణం బ్యాలెన్స్ చేసినా స్టాయికియోమెట్రీ లెక్క ఎందుకు తప్పుతోంది?

సమీకరణం బ్యాలెన్స్ చేయడం వచ్చు కానీ స్టాయికియోమెట్రీలో, అంటే ఏ పదార్థం ఎంత కావాలి, ఎంత వస్తుంది అనే లెక్కలో, గ్రాముల్లో జవాబు తప్పుతోందని అడిగారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నాదీ ఇదే బాధ. ఒక స్లిప్ టెస్టులో అమ్మోనియా లెక్క వచ్చింది: N₂ + 3H₂ → 2NH₃. ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్లు కదా అని, 28 గ్రాముల నైట్రోజన్‌కు 84 గ్రాముల హైడ్రోజన్ కావాలని రాసేశాను. కావాల్సింది 6 గ్రాములే.

సమీకరణంలో ముందుండే అంకెలు మోల్స్‌కు చెందినవి, గ్రాములకు కాదు. మోల్ అంటే డజను లాగే ఒక నిర్ణీత సంఖ్యలో అణువులు; ఒక మోల్ నైట్రోజన్ 28 గ్రాములు, ఒక మోల్ హైడ్రోజన్ 2 గ్రాములే. ఈ మాట నాకు క్లాసులో ఎక్కలేదు. మాది పిడుగురాళ్ల వైపు, సున్నం బట్టీలు ఎక్కువ. బట్టీలో పనిచేసే మా బాబాయిని టన్ను రాయి కాలిస్తే సున్నం ఎంత దిగుతుందని అడిగితే, "సగం మీద కాస్త" అన్నాడు. సమీకరణంలో అన్నీ ఒకట్లే, మరి టన్నుకు టన్ను ఎందుకు రాదు? ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒక మోల్ కాల్షియం కార్బనేట్, అంటే ఆ సున్నపురాయి, 100 గ్రాములు. అందులోంచి వచ్చే సున్నం 56, గాల్లోకి పోయే కార్బన్ డయాక్సైడ్ 44. అంటే స్వచ్ఛమైన రాయి టన్నుకు 560 కిలోల సున్నం. ఆ రోజు నుంచి గ్రాములు కనబడగానే ముందు అణుభారంతో భాగించి మోల్స్‌లోకి మార్చడం అలవాటైంది. నిష్పత్తి అక్కడే వాడాలి. గ్రాముల్లోకి తిరిగి రావడం చివర్లోనే.

అసలు చిక్కు రెండు పదార్థాల బరువులూ ఇచ్చినప్పుడు వస్తుంది. 56 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారనుకోండి. మోల్స్‌లో 2, 5. నైట్రోజన్ తక్కువ ఉంది కాబట్టి అదే ముందు అయిపోతుందనిపిస్తుంది. నా ట్యూషన్ పిల్లల్లో సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. ఒక్కోదాన్నీ దాని ముందున్న అంకెతో భాగించండి: నైట్రోజన్‌కు 2, హైడ్రోజన్‌కు 5ను 3తో భాగిస్తే 1.67. ముందు అయిపోయేది హైడ్రోజనే. లిమిటింగ్ రియేజెంట్ అంటే అదే. ఇక మొత్తం లెక్క దాని మీదే నడవాలి: 3 మోల్స్ హైడ్రోజన్‌కు 2 మోల్స్ అమ్మోనియా కాబట్టి 5 మోల్స్‌కు 3.33 మోల్స్, అంటే 56.7 గ్రాములు.

పేపరు ఇచ్చేముందు ఒక కూడిక చేయండి, అర నిమిషం చాలు. అమ్మోనియా 56.7, మిగిలిపోయిన నైట్రోజన్ 9.3, మొత్తం 66. మొదట ఇచ్చినవీ 56, 10 కలిపి 66 గ్రాములే. ఈ రెండూ కలవకపోతే మోల్స్‌గా మార్చిన చోటికి వెనక్కి వెళ్లి చూడండి, నాకైతే తప్పు ఎక్కువగా అక్కడే దొరికేది.